మంగళవారపు సముద్రం

పదకొండో భాగం

కిందటి వారం గది తలుపుకు బయటనుంచి గడియ పడిన చోట ఆపాను. లోపల ఏడుగురున్నారు, బయట బంట్రోతు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మధ్యలో వారం గడిచింది. ఎవరి ఇంట్లో వాళ్లకు సవాలక్ష గొడవలుంటాయి, అందరికీ అన్నీ గుర్తుండవు. కనుక నాలుగు ముక్కలు మళ్లీ చెబుతాను, గుర్తున్నవాళ్లు ఓర్చుకోవాలి.

ఎకువా క్వయిసన్ నాలుగో తరగతి టీచరు. ముప్ఫయ్యారేళ్లు, పెళ్లి కాలేదు, నోట్లో నాలుక లేని మనిషి. జ్యూరీకి ఇద్దరి పేర్లు పంపమని స్కూలుకు కోర్టు కాగితం వస్తే, ఎదురు మాట్లాడనివాళ్లు ఎవరున్నారా అని వెతికి హెడ్మాస్టరు ఆమె పేరు మొదట రాశాడు. అంతకుముందు ఆమె కోర్టు మెట్టు ఎక్కి ఎరగదు. బైబిలు రెండు చేతులా పట్టుకుని ప్రమాణం చేసి, ఏడో కుర్చీలో కూర్చుని, తొమ్మిది రోజుల పాటు ఒక మనిషి ప్రాణం గురించి విన్నది.

ఆ మనిషి పేరు క్వమెనా. పడవల మీద కూలికి పోయేవాడు, ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు. రెండేళ్ల కిందట, తొంభై నాలుగు ఆగస్టు తొమ్మిదో తారీఖు తెల్లవారుజామున, అన్సువానో రేవులో వలలు బాగుచేసే ఎగ్యా అటా అనే ముసలాయన్ని తెడ్డుతో తల మీద కొట్టి చంపాడని కేసు. అంతకు వారం ముందు ఇద్దరికీ మాటామాటా పెరిగిన సంగతి రేవులో అందరూ చూశారు. చంపుతుండగా చూసినవాడు మాత్రం ఒక్కడే. యావ్ తవియా అనే జాలరి, సముద్రం నుంచి పడవలో ఒడ్డుకు వస్తూ దీపం వెలుగులో క్వమెనాని చూశానని చెప్పాడు. జడ్జిగారు కేసంతా కుదించి వినిపించి, ఏడుగురూ ఒక్క మాట మీదకు రావాలనీ, దోషి అంటే ఉరి తప్ప తన చేతిలో ఇంకేమీ ఉండదనీ చెప్పి లోపలికి పంపారు. అరగంటలో ఆరుగురు దోషి అనేశారు. ఎకువా వంతు వచ్చింది. "నాకు తెలీదండి," అంది.

"తెలీదు అనే తీర్పు చట్టంలో లేదు టీచరమ్మా," అన్నాడు బ్రూ.

బ్రూ జ్యూరీ పెద్ద. హార్బరు గోడౌన్లో స్టోర్‌కీపరు, ఆదివారం చర్చిలో కానుకల పళ్లెం పట్టుకుని తిరిగే పెద్దమనిషి. జ్యూరీకి రావడం ఇది నాలుగోసారి. నాలుగు పెన్సిళ్లు చెక్కి తెచ్చుకున్నాడు, వాటిలో ఒకటైనా ఇంకొకరికి ఇవ్వలేదు.

"మీ స్కూల్లో పిల్లాడు లేచి తెలీదంటే కూర్చోబెడతారా టీచర్‌గారూ? బెంచీ ఎక్కించరూ?" అన్నాడు ఒపోకు. అతను కరెంటాఫీసు గుమాస్తా, కుమాసీ నుంచి బదిలీ మీద వచ్చి ఇంకా ఏడాది కాలేదు. గదిలో అందరికంటే చిన్నవాడు, అందరికంటే ఎక్కువ మాట్లాడేవాడు.

"ఎక్కిస్తాను. కానీ బెంచీ దిగాక వాడు ఇంటికెళ్తాడు," అంది ఎకువా.

ఒపోకు నవ్వబోయి మానుకున్నాడు.

పోస్టాఫీసు హేఫోర్డమ్మ చేతిలో జపంలా రుమాలు మడతపెట్టి విప్పుతోంది. "నీ మనసులో ఏముందో చెప్పు తల్లీ. మాకూ ఉరి తియ్యాలని సరదా కాదు. సందేహం ఉంటే సందేహం చెప్పు, వింటాం."

చెప్పడానికి ఎకువా దగ్గర ఏమీ లేదు. ఒకటే ఉంది, అది చెప్పుకునేది కాదు. తొమ్మిది రోజుల్లో కోర్టు తలుపు కిర్రుమన్న ప్రతిసారీ బోనులో క్వమెనా తల తిప్పి వెనక బెంచీల వైపు చూశాడు. ఎవరో వస్తారని ఎదురు చూసేవాడి చూపు. వచ్చినవాడు అతనికి కావలసినవాడు కాకపోతే మళ్లీ ముందుకు తిరిగేవాడు. చంపినవాడు ఎవరి కోసం అలా ఎదురు చూస్తాడు అని ఆమెకు అనిపించింది. ఈ మాట బయటికి అంటే బ్రూ ఏమంటాడో ఆమెకు తెలుసు. చూపులు రికార్డులో లేవు టీచరమ్మా, అంటాడు.

పన్నెండున్నరకు బంట్రోతు గడియ తీసి భోజనం లోపల పెట్టి మళ్లీ గడియ వేశాడు. పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకె ముద్దలు, నంజుకోవడానికి మిరపకాయల షిటో పచ్చడి, వేయించిన చేప ముక్కలు. ప్రాణం తీయాలా వద్దా అని కూర్చున్నవాళ్లకు ఆకలి వేయకూడదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఏడుగురూ చేతులు కడుక్కుని బల్ల చుట్టూ చేరారు.

ఒపోకు చేప కొరికి మొహం వికారంగా పెట్టాడు. "ఏంటండీ ఇది, చెప్పు తోలు నయం. కిటికీలోంచి చూస్తే సముద్రం, పళ్లెంలో చూస్తే మొన్నటి చేప. ఇంత రేవు పెట్టుకుని జ్యూరీకి ఒక్క తాజా చేప దొరకలేదా?"

"ఇవాళ మంగళవారం కదయ్యా," అంది హేఫోర్డమ్మ.

"మంగళవారమైతే?"

మిగతా అందరూ అతని వైపు జాలిగా చూశారు. "కొండల్లో పుట్టినవాడివి, నీకేం తెలుస్తుందిలే," అన్నాడు బ్రూ, కాస్త హుషారుగానే. ఎవరికైనా ఏదైనా నేర్పడమంటే ఆయనకు సరదా. "మంగళవారం సముద్రానిది నాయనా. మనిషికి ఆదివారం ఎలాగో దానికి మంగళవారం అలాగ. సోమవారం పొద్దుగూకేలోపు పడవలన్నీ ఒడ్డెక్కాలి. బుధవారం తెల్లవారాకే మళ్లీ దిగాలి. మధ్యలో ఒక్క పడవ తడవదు. ఈ కోస్తా పొడుగునా అంతే, మా తాతల తాతల నాటి నుంచీ."

"దిగితే ఏం చేస్తారు? జైల్లో వేస్తారా?"

"జైలు నయం. పడవ లాక్కుంటారు. గొర్రెను కోసి సముద్రాన్ని చల్లబరచాలి. అక్కడితో పోదు. ఆ తర్వాత వల ఖాళీగా వచ్చినా, ఎవడు మునిగి చచ్చినా, ఆ ఇంటి పేరే చెబుతారు. ఆ ఇంటికి ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు. అందుకే ఎవరూ దిగరు."

ఎకువా చేయి కెంకె ముద్దలోనే ఆగిపోయింది. మొదట ఆమెకు ఏమీ స్పష్టంగా తెలియలేదు, ఏదో వదిలేసి వచ్చినట్టు మాత్రం అనిపించింది. లేచి చేయి కడుక్కుంది. బల్ల చివర కోర్టువారు పెట్టిన కాగితాల కట్ట ముందుకు లాక్కుని ఒక్కొక్కటే తిరగేసింది. డాక్టరు రాసిన పోస్టుమార్టం కాగితం దగ్గర ఆగింది. పైన తారీఖు, తారీఖు పక్కన వారం. ఆగస్టు పది, బుధవారం. ముసలాయన ప్రాణం పోయింది అంతకు ముందురోజు తెల్లవారుజామున అని డాక్టరు రాశాడు. ఆ సంగతిలో ప్రాసిక్యూటరుకూ, క్వమెనా వకీలుకూ కూడా తగువు లేదు. ఆమె ఆ గీత రెండుసార్లు చదువుకుంది.

"బ్రూగారూ, యావ్ తవియా ఏ రోజు చూశానన్నాడు?"

"ఇప్పుడా అడగడం? తొమ్మిదో తారీఖు తెల్లారుజామున. జడ్జిగారు మూడుసార్లు చెప్పారు."

"ఎక్కడి నుంచి చూశాడు?"

"సముద్రం మీంచి. రాత్రంతా వేటాడి పడవలో..." అని బ్రూ ఆగాడు. నోటి దగ్గరి ముద్దను తిరిగి పళ్లెంలో పెట్టాడు.

ఎకువా కాగితాన్ని ఆయన వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. హేఫోర్డమ్మ లేచి వచ్చి ఆయన భుజం మీంచి చదివింది. ఒపోకు కూడా చదివాడు.

ఈ సంగతి తొమ్మిది రోజులూ అందరి కళ్ల ముందే ఉంది, ఎవరికీ కనబడలేదు. కోర్టుకు కావలసింది తారీఖు. రేవుకు కావలసింది వారం. రేవులో ఎవణ్ణయినా తొమ్మిదో తారీఖు ఏమైంది అని అడిగితే నోరు వెళ్లబెడతాడు, కోర్టులో వారం సంగతి అడిగే తీరిక ఎవరికీ లేదు. యావ్ తవియా చెప్పింది రాసుకున్న సార్జెంటు ఉత్తరాది ఎండలో పుట్టి పెరిగినవాడు. జడ్జిగారిది అడవి దేశం. క్వమెనాకు సర్కారు ఇచ్చిన వకీలు కేసు కట్టను బస్సులో చదువుకుంటూ వచ్చినవాడు. యావ్ తవియా సాక్ష్యం చెప్పిన రోజు అన్సువానో వాళ్లు ఒక్కరూ వెనక బెంచీల్లో లేరు. కవళ్ల చేపలు దండిగా పడే రోజులవి, వేట మానుకుని కోర్టుకు ఎవరొస్తారు.

"అయితే వాడు అబద్ధమాడాడు," అన్నాడు ఒపోకు మెల్లగా. "సముద్రం మీద లేనివాడు సముద్రం మీంచి ఎలా చూస్తాడు? నా మాట వెనక్కి తీసుకుంటున్నా పెద్దాయనా. దోషి కాదు."

"నేనూనమ్మా. దేవుడు క్షమించాలి, అన్నం ముందు కూర్చుని కూడా ఉరి అనే అనుకున్నాను," అంది హేఫోర్డమ్మ. మరో పావుగంటలో మిగిలిన ముగ్గురూ కూడా అటే మొగ్గారు. ఎకువాకు అప్పటికి కాస్త ధైర్యం వచ్చింది. తన జీవితంలో ఎప్పుడూ ఐదుగురు పెద్దవాళ్లు తన మాట విని మనసు మార్చుకోలేదు.

బ్రూ మాత్రం పెన్సిలు బల్ల మీద నిలబెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"యావ్ అబద్ధమాడాడు, ఒప్పుకున్నాను," అన్నాడు చివరికి. "నాకు ఒక్కటి చెప్పు టీచరమ్మా. బోనులో కూర్చున్నవాడు జాలరే కదా? మంగళవారం అంటే ఏంటో వాడికి నువ్వు చెప్పాలా, నేను చెప్పాలా? పక్కవాడు సముద్రం మీంచి నిన్ను చూశానని చెబుతుంటే, మంగళవారం నువ్వు సముద్రం మీద ఏం చేస్తున్నావురా అని ఒక్క మాట అడిగితే వాడి మెడ బతికిపోయేది. ఎందుకడగలేదు? తొమ్మిది రోజులూ మట్టిముద్దలా ఎందుకు కూర్చున్నాడు?"

ఒపోకు పళ్లెం పక్కకు జరిపాడు.

"చంపినవాడే అలా కూర్చుంటాడు," అన్నాడు బ్రూ. "మీకందరికీ నేను కఠినుడిగా కనిపిస్తున్నానేమో. పదిహేనేళ్ల కింద మొదటిసారి జ్యూరీకి వచ్చాను. ఇప్పుడు ఈ టీచరమ్మ ఎలా ఉందో అలాగే ఉన్నాను. బోనులో ఒక కుర్రాడు ఏడుస్తుంటే చూడలేకపోయాను. సాక్షి మాటలో ఒక లొసుగు పట్టుకుని మిగతా ఆరుగురినీ నేనే ఒప్పించాను, వదిలిపెట్టించాను. తొమ్మిది నెలలు తిరక్కుండా వాడు ఒక ఆడపిల్ల గొంతు కోశాడు. ఆ పిల్ల తండ్రి మా చర్చికే వస్తాడు. ప్రతి ఆదివారం ఆయన ముందు పళ్లెం పట్టుకుని నిలబడతాను. ఆయనకు తెలీదు, నాకు తెలుసు. ఇంకోసారి లొసుగును పట్టుకుని ఎవణ్ణీ వదల్లేను. వాడెందుకు నోరు విప్పలేదో చెప్పండి, అప్పుడు వింటాను."

పెన్సిళ్ల మనిషి మీద అందాకా అందరికీ ఉన్న కోపం అక్కడితో పోయింది, ఎకువాకు కూడా పోయింది. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఎక్కడో తన చేతికి అందేంత దూరంలోనే ఉందని ఆమెకు తోచింది.

సాక్ష్యపు వస్తువులు మూలన చెక్కపెట్టెలో ఉన్నాయి. ఆమె వెళ్లి గోధుమ రంగు కాగితం పొట్లం తెచ్చి బల్ల మీద విప్పింది. క్వమెనాని పట్టుకున్నప్పుడు అతని ఒంటి మీదున్న చొక్కా. అదే మంగళవారం మధ్యాహ్నం, వాళ్లమ్మ ఇంట్లో, నిద్రపోతుండగా పట్టుకున్నారు. చొక్కా ముందు భాగమంతా ఎండిన నెత్తురు మరకలు. అది మనిషి నెత్తురో చేప నెత్తురో తేల్చలేమని పరీక్ష చేసినవాళ్లు రాశారు. మరకల నిండా చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. జాలరి చొక్కాకు పొలుసులుండక పూలుంటాయా అని ప్రాసిక్యూటరు అంటే ఆ రోజు కోర్టంతా నవ్వింది.

"మా అమ్మ చేపలు పొగబెట్టి అమ్మేది. జాలర్ల ఇళ్ల మధ్యే పెరిగాను," అంది ఎకువా. "సోమవారం సాయంత్రం పడవలు పైకి లాగాక ప్రతి ఇంట్లో సముద్రపు బట్టలు ఉతికేస్తారు. మంగళవారం అందరూ శుభ్రమైన బట్టలు కట్టుకుంటారు. చావు పలకరింపులకు పోతారు, తగువులు తీర్చుకుంటారు, వలలు బాగుచేసుకుంటారు. ఎంత పేదవాడైనా మంగళవారం సముద్రపు చొక్కా వేసుకోడు. పొలుసు ఒక్క ఉతుకుకు ఊడిపోతుంది. ఇవి చూడండి, నెత్తుట్లోనే ఎండిపోయాయి. ఆ తెల్లారుజామున తడిగా అంటుకున్నవి ఇవి."

హేఫోర్డమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "అంటే..."

"అంటే ముసలాయన చచ్చిపోయిన వేళకి క్వమెనా రేవులో లేడు. సముద్రం మీదున్నాడు. మంగళవారం వేటకు పోయాడు."

"ఆ వారమే," అంది హేఫోర్డమ్మ, గొంతు తగ్గించి. "ఆ వారమే కదా గురువారం నాడు పడవ తిరగబడింది. నలుగురు పోయారు. నలుగురి శవపెట్టెలూ మా పోస్టాఫీసు ముందు నుంచే తీసుకెళ్లారు."

ఇక ఒపోకుకు కూడా విడమరిచి చెప్పవలసిన పని లేకపోయింది. మంగళవారం ఎవరో సముద్రాన్ని మైలపరిచారు, గురువారం సముద్రం నలుగుర్ని తీసుకుంది. రేవులో లెక్క అలాగే ఉంటుంది. నేను మంగళవారం వేటకు పోయాను అని క్వమెనా నోరు విప్పితే మెడకు తాడు తప్పవచ్చు. కానీ ఆ నలుగురి చావూ అతని ఇంటి గుమ్మం ముందుకు వస్తుంది. రెండేళ్లుగా అతను జైల్లో ఉన్నాడు, ఇంట్లో ఉండేది అతని తల్లి.

బ్రూ చొక్కాను తన వైపు లాక్కున్నాడు. ఒక పొలుసును గోటితో మీటాడు. అది రాలేదు.

"పడవ ఒక్కడు నడపలేడు," అన్నాడు. ఇప్పుడు ఆయన గొంతులో పట్టుదల లేదు, బతిమాలుతున్నట్టుంది. "కనీసం ఐదారుగురు ఉండాలి. వాళ్లందరికీ తెలుసు వీడు ఆ వేళకి తమ పక్కన తెడ్డు వేస్తున్నాడని. రెండేళ్లయింది. ఒక్కడు రాలేదు. ఒక్కడు వచ్చి, పేరు చెప్పకుండా ఒక ఉత్తరం ముక్క రాసినా సరిపోయేది. నువ్వు చెప్పింది బాగుంది టీచరమ్మా, నిజమే అయ్యుండొచ్చు. కానీ పదిహేనేళ్ల కిందట నేను చెప్పింది కూడా బాగానే ఉంది. నాకు మనిషి కావాలి. ఆ పడవలో ఉన్న ఒక్క మనిషిని నాకు చూపించు, నా చేత్తో నేనే దోషి కాదు అని రాస్తాను."

ఎకువా లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. దూరంగా ఒడ్డు మీద పడవలన్నీ వరసగా పడుకుని ఉన్నాయి. సముద్రం మీద ఒక్క తెరచాప లేదు.

ఆమెకు ఆ వారం గుర్తొచ్చింది. గురువారం పడవ మునిగినందువల్ల ఆ వారాన్ని ఎవరూ మరిచిపోలేదు, ఆమె అసలే మరిచిపోలేదు, కేసు తారీఖు ఆ వారానిదేనని మాత్రం ఇప్పటిదాకా తోచలేదు. మంగళవారం సాయంత్రం తమ్ముడు ఫీఫీ ఇంటికి వచ్చాడు. వాడికి సొంత పడవ ఉంది, అన్సువానో పక్క రేవులో ఉంచుతాడు. పడవ మీదికి ఎవరు కూలికి వస్తే వాళ్లను ఎక్కించుకుంటాడు, వాళ్ల పేర్లు ఈమె ఎప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం వాడి చేతిలో ఆకులో చుట్టిన పెద్ద చేప ఉంది, మొప్పలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అమ్మ ఒక్క చూపు చూసి, చేపను తీసుకుపోయి బూడిద కుప్పలో పూడ్చేసింది. వాడితో ఒక్క మాట అనలేదు. గురువారం కబురు తెలిశాక మాత్రం ఇద్దర్నీ కూర్చోబెట్టింది. ఈ సంగతి ఈ గోడలు దాటితే నా శవాన్ని మీరు ముట్టుకోవద్దు అంది. ఇద్దరూ మాటిచ్చారు. కిందటేడు అమ్మ పోయింది. ఇద్దరూ ముట్టుకున్నారు.

అది ఒకటి. రెండోది ఈ తొమ్మిది రోజులది. ఆరు నెలలకోసారి కూడా అక్క మొహం చూడని ఫీఫీ, ఈ తొమ్మిది రోజులూ సాయంత్రం కోర్టు గేటు దగ్గరికి వచ్చి ఇంటి దాకా తోడు నడిచాడు. తమ్ముడికి ఇన్నాళ్లకు తన మీద మమకారం పుట్టిందని ఆమె మురిసిపోయింది. మొదటి రోజు జడ్జిగారు కేసు గురించి ఎవరితోనూ మాట్లాడవద్దన్నారని చెప్పింది. "నాను కేసు సంగతి అడగట్లేదక్కా. ఒక్కటే సెప్పు. ఆడు నోరిప్పినాడా?" అన్నాడు. లేదని తల ఊపింది. మర్నాడూ అదే అడిగాడు. "ఇయ్యాల ఇప్పినాడా?" తొమ్మిది రోజులూ అదొక్కటే. లేదని చెప్పిన ప్రతిసారీ వాడు గట్టిగా ఊపిరి వదిలేవాడు. అది జాలి అనుకుంది పిచ్చిది.

కోర్టు తలుపు కిర్రుమన్నప్పుడల్లా క్వమెనా ఎవరి కోసం చూశాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. ఏడుపు రాలేదు, భయం వచ్చింది. ఫీఫీని ఆమే పెంచింది. అమ్మ పొయ్యి దగ్గర ఉంటే వీపున కట్టుకుని తిరిగింది. వాడికిప్పుడు భార్య ఉంది, ముగ్గురు పిల్లలున్నారు. పేరు బయటికి వస్తే వాడికి రేవు ఉండదు. ఆ నలుగురి పెళ్లాలూ వాడి గుమ్మం ముందు కూర్చుంటారు. తను నోరు మూసుకుంటే ఏమవుతుంది. ఏడుగురు ఒక మాట మీదకు రాలేదని జడ్జిగారు అందర్నీ ఇళ్లకు పంపేస్తారు. ఇంకో ఏడుగురు వస్తారు. వాళ్లలో జాలర్ల ఇంటి పిల్ల ఉండదు, ఆ చొక్కా విప్పి చూసేవాళ్లు ఉండరు. క్వమెనాని ఉరి తీస్తారు. అది తను చేసిన పని అని ఎవరికీ తెలియదు. చర్చిలో పళ్లెం పట్టుకున్న బ్రూకి తెలిసినట్టు తనకొక్కదానికే తెలుస్తుంది.

"టీచరమ్మా," అన్నాడు బ్రూ వెనక నుంచి. "అలసిపోయినట్టున్నావు. కూర్చో."

ఆమె ఇటు తిరిగింది. "మనిషిని చూపిస్తే చాలన్నారు కదండీ."

"అన్నాను."

"ఆ పడవ మా తమ్ముడిది."

ఒపోకు ఏదో అనబోతే హేఫోర్డమ్మ అతని మోచేయి పట్టుకుంది. ఎకువా నిలబడే చెప్పింది, బూడిద కుప్పలో చేప సంగతీ, గేటు దగ్గర తొమ్మిది సాయంత్రాల సంగతీ, ఏదీ దాచకుండా.

బ్రూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "ఈ మాట నువ్వు అనలేదు, నేను వినలేదు అనుకోవడానికి ఇంకా వీలుంది," అన్నాడు నెమ్మదిగా. "నాకు మనిషి దొరికాడు. నేను మాటిచ్చినట్టే దోషి కాదు అని రాస్తాను. మీ తమ్ముడి ఊసు ఎత్తకుండా బయటికి పోవచ్చు. ఏమంటారు అందరూ?"

అందరూ తలలు ఊపారు. అంత దయ ఆ గదిలో ఉందని ఎకువా అనుకోలేదు. అవును అంటే అయిపోతుంది. క్వమెనా బతుకుతాడు, ఫీఫీ బతుకుతాడు.

"మరి ముసలాయన్ని చంపిందెవరు?" అంది ఆమె.

హేఫోర్డమ్మ రుమాలు బల్ల మీద పెట్టేసింది.

"యావ్ తవియా ఊరికే ఎందుకు అబద్ధమాడతాడు? సముద్రం మీద లేనివాడు ఆ తెల్లారుజామున రేవులోనే ఉండి ఉండాలి. మనం ఉత్త దోషి కాదు అని రాస్తే క్వమెనా ఇంటికెళ్తాడు. ఎవరో తెలివైనవాళ్లు తప్పించారంటారు గాని, చంపలేదని ఒక్కరూ అనుకోరు. రేవులో అతన్ని బతకనివ్వరు. ఆ వేళకి అతనెక్కడున్నాడో మా తమ్ముడు చెప్పాలి. ఇప్పుడు కాకపోతే వాడిక చెప్పడు, నాకు వాడి సంగతి తెలుసు." ఆమె కుర్చీలో కూర్చుంది. "ప్రమాణం చేసినప్పుడు ఏమీ దాచనన్నాను. జడ్జిగారికి చీటీ రాయండి బ్రూగారూ. క్వమెనా ఎక్కడున్నాడో తెలిసిన సాక్షి నా తమ్ముడని రాయండి."

"రాస్తే నిన్ను జ్యూరీ నుంచి తీసేస్తారు. కేసు మళ్లీ మొదటికి రావచ్చు. ఆ కుర్రాడు ఇంకెన్నాళ్లు లోపలుండాలో."

"తెలుసండి. రాయండి."

బ్రూ నాలుగో పెన్సిలు తీశాడు. "పేరు చెప్పు."

ఆమె చెప్పింది. ఆయన కాగితం రెండు మడతలు పెట్టి, తలుపు తట్టి బంట్రోతు చేతికిచ్చాడు.

ఇరవై నిమిషాలకు గంట మోగింది. ఏడుగురూ వరసగా వెళ్లి జ్యూరీ కుర్చీల్లో కూర్చున్నారు. జ్యూరీ వచ్చిందంటే తీర్పు వచ్చిందనే అందరూ అనుకున్నారు. క్వమెనాని బోనులో నిలబెట్టారు. జడ్జిగారు చీటీ విప్పి ఒకసారి చదివారు, విగ్గు సర్దుకుని మళ్లీ చదివారు.

"ఏడో జ్యూరరు లేచి నిలబడాలి," అన్నారు.

ఎకువా నిలబడింది. ముందున్న చెక్క పట్టుకుంది.

"ఫీఫీ క్వయిసన్, పడవ యజమాని. ఈ పేరు మీరు రాయించిందేనా?"

దుబాసీ ఆ మాటను రేవు వాళ్ల ఫాంటీ భాషలో గట్టిగా చెప్పాడు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి క్వమెనా ఎకువా వంక సూటిగా చూశాడు. బోను కమ్మీ రెండు చేతులా పట్టుకుని, పక్కనున్న వార్డరుకు కనబడకుండా, ఆ పేరు చెప్పొద్దు, వద్దు అన్నట్టు ఆమెకు తల అడ్డంగా ఊపాడు.

"జవాబు చెప్పండి," అన్నారు జడ్జిగారు.